చెరిగిన పెన్సిల్ రాత

మా కింది వాటాలో ఉండే సెవెరిన్ గారు వూచ్ నగరంలో ట్రామ్ నడిపి రిటైరైన మనిషి. పొగమంచు సాయంత్రాల్లో ట్రామ్ గంట వినిపిస్తే ఇప్పటికీ ఆయన కుడిచెయ్యి దానంతటది కదులుతుంది. ఆయనింట్లో పాత అమీగా కంప్యూటర్ ఉంది. అందులో ఒక ఫ్లాపీ పెడితే తెర తెరుచుకుంటూనే కంప్యూటర్ ముక్కుతో పలికేది: "సెవెక్, తడిబూట్లు విప్పు." ఆయన్ని ముద్దుగా సెవెక్ అని పిలుస్తూ ఆ మాట రాసిపెట్టింది ఆయన భార్య లియోకాడియా. ఆయనకు చెప్పకుండా తరచూ మాట మార్చేసేది. రేపేం తిడుతుందో అనుకుంటూ నిద్రపోయేవాణ్ణి అని ఆయన చెప్పేవారు.

ఆవిడ పోయాక ఆ ఫ్లాపీ పెట్టడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. శిశిరంలో, పాత కంప్యూటర్ల పిచ్చివాళ్లు కలుసుకునే చోట ఎవరో కొత్త సిస్టమ్ ఇచ్చారు. దాన్ని ఎక్కించడానికి ఖాళీ ఫ్లాపీ వెతికారు. ఒకప్పుడు మాకు ఫ్లాపీల కరువు. చెరిపి మళ్లీ వాడుకోవచ్చని, ఫ్లాపీకి అంటించిన చీటీ మీద పెన్సిల్‌తోనే రాసేవాళ్లం. చీటీ తెల్లగా ఉంటే ఫ్లాపీ ఖాళీ అని లెక్క. ఆయన అలాగే అనుకున్నారు. ఎక్కించేశాక చీటీని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే, అరిగిపోయిన గీతల్లో 'సెవెక్‌కి' అని కనిపించింది. ఆవిడ ఫ్లాపీ అదే.

ఆ రోజు ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

కొత్త సిస్టమ్‌కి గొంతే లేదు. ఆవిడ మాట మళ్లీ వినాలని ఆయన పట్టుబట్టారు. పాత ఫ్లాపీల నుంచి గొంతు తాలూకు ముక్కలు తెచ్చి ఇందులో కలపాలి, ఫ్లాపీలో చోటేమో చాలదు. అందుకని సిస్టమ్‌లోని గడియారం తీసేశారు. లెక్కల యంత్రం, ప్రింటర్ సరంజామా, వేరే భాషల కీబోర్డు అమరికలు తీసేశారు. ఆ వారమంతా టీ తాగుతూ పక్కన కూర్చున్నాను. కిటికీ బయట మంచు, గదిలో నీలం వెలుగు, ఇద్దరం నీళ్లలో తేలుతున్నట్టుండేది. ఇక మిగిలింది మీరూ నేనూ, మనల్నీ తీసేస్తారా అని ఆటపట్టించాను.

చివరికి చోటు సరిపోయింది. ఆయన తడిబూట్ల మాట రాశారు. పెట్టె పలికింది. ఆయన ముఖం మాత్రం వాడిపోయింది.

"నేను రాసింది నేనే వింటే ఏముందమ్మా కింగా? నువ్వు రాయి. నేను వంటింట్లో ఉంటా. ఏం రాశావో చెప్పకు."

ఆవిడ మాట నేనెలా రాస్తాను? వెళ్తున్న ఆయన వైపు చూశాను. కాళ్లకు లియోకాడియా ఇంటిచెప్పులు, ఎర్ర ఉన్నివి. మడమలు సగం బయటే ఉన్నాయి. రాసేశాను.

ఆయన వచ్చి కంప్యూటర్ ఆపి, మళ్లీ వేశారు. తెర నెమ్మదిగా నీలమైంది.

"సెవెక్, నా చెప్పులు సాగదీస్తున్నావా?"

ఆయన కాళ్ల వైపు చూసుకున్నారు. నేనున్న సంగతి మరిచిపోయారు.

"చలేస్తోందే," అన్నారు పెట్టెతో. "రేపు విప్పేస్తాలే."