మునస్వామిని వెనక్కి మళ్లించిన పిట్ట

మ్యావ్.

అడవి మొదట్లో, ఇంకా మంచు వదలని కొమ్మల్లోంచి వచ్చిందా కూత. దాని వెనకాలే ఒక మనిషి ఖాళీ గంపతో గబగబా కొండబాట దిగి వచ్చాడు. అతనే మునస్వామి. భాకరాపేట అడవిలో మోదుగాకులు కోసి, విస్తళ్లు కుట్టి బతుకుతాడు. చిరుతపులి అడుగుజాడ కనిపిస్తే పక్కకు తప్పుకొని తన దారిన పోతాడు. పిల్లి కూత వింటే మాత్రం అపశకునమని ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, గుక్కెడు నీళ్లు తాగి, కాసేపు కూర్చుంటే తప్ప మళ్లీ అడుగు బయట పెట్టడు.

అది 1943. మూడు రోజులుగా ఇదే తంతు; మళ్లీ బయల్దేరితే మళ్లీ అదే కూత. ఎల్లుండి వరదయ్య కూతురి పెళ్లి. మూడు వందల విస్తళ్లకు మాటిచ్చాడు. ఇంట్లో ఒక్క ఆకు లేదు.

"మళ్లీ పిల్లేనా? మళ్లీ నీళ్లకేనా?" అంది భార్య నాగులమ్మ, ముందే నింపిపెట్టిన చెంబు అందిస్తూ. "పెండ్లోళ్లు అన్నం నీ అరిసేతుల్లో తింటారా?"

వీధిలో పోతున్న బడి అయ్యవారు రాజారత్నం ఆగి నవ్వాడు. పిట్టల్ని చూసి నోటుబుక్కులో రాసుకోవడం ఆయనకు పిచ్చి. "అడవిలో ఇంటిపిల్లి యాడిది మునస్వామీ? పద, చూద్దాం."

కొమ్మ మీద పిల్లి లేదు. నిగనిగలాడే నల్లపిట్ట ఉంది. నుదుట చిన్న జుట్టు, తోక నుంచి రెండు సన్నటి తీగలు, వాటి చివర చెరో ఆకుముక్క. ఎగిరితే రెండు తుమ్మెదలు వెంటబడినట్టుంది.

"పసులపోలిగాడే గదా అయ్యోరా!"

"వాడి అడవి దాయాది. పొలంలో గొడ్ల మీద కూర్చునేవాడికి ఈ తీగలుండవు."

కింద రాలుటాకుల్లో బూడిదరంగు పిట్టల గుంపొకటి పురుగులు ఏరుకుంటోంది. నల్లపిట్ట ఉన్నట్టుండి డేగలా అరిచింది. గుంపు చెదిరిపోయింది. అది నింపాదిగా దిగి, అవి వదిలిన పురుగును ముక్కున పట్టుకొని కొమ్మెక్కింది. మింగి, ముక్కు తుడుచుకొని, ఊరిపిల్లి కూడా పోలేనంత గారాలు పోతూ మ్యావ్‌మంది.

మునస్వామి కాళ్లు అలవాటుగా ఇంటివైపు తిరిగాయి. సిగ్గుపడి ఆగాడు.

"పురుగు కోసం వాళ్లను మోసం చేసింది, సరే. నా దగ్గర ఏం పురుగుండాది?"

"నీ కోసం కాదప్పా. ఊరికే సరదాకు కూసుకుంటాది. నువ్వు దాని లెక్కలోనే లేవు."

ఆ మాట అతన్ని మూడు రోజుల నష్టం కన్నా ఎక్కువ నొప్పించింది. కాసేపు పిట్టను గుర్రుగా చూశాడు. తర్వాత గంప భుజానికెత్తుకొని, దాని కిందనుంచే అడవిలోకి నడిచాడు. పది అడుగులు వేసి వెనక్కి తిరిగాడు. అయ్యవారు అప్పటికే పెన్సిలు చెక్కుతున్నాడు.

"అయ్యోరా, పిట్ట గొప్పతనం మీ ఇష్టమొచ్చినంత రాసుకోండి. మోసపోయినోడిది మాత్రం ఈ ఊరు కాదు, నగరి అని రాయండి."