తాళం వెనక వినికిడి యంత్రాలు

మా పెద్దమ్మ ఓ గోదాములో తాళాలు చూసుకునే మనిషి. ఆ గోదాము యజమానికి ఆత్రం ఎక్కువ. సర్కారు అనుమతి వచ్చిన రోజే అమ్మకం మొదలుపెట్టాలని, వినికిడి యంత్రాలను విదేశం నుంచి ముందే దింపుకున్నాడు. అవి మంచివేనని సర్కారు తేల్చేదాకా ఇనప జాలీ గదిలోంచి ఒక్క పెట్టె కూడా కదలకూడదు.

ఇంట్లో పెదనాన్నకు చెవుడు. ఆయనతో మాట్లాడాలంటే పెద్దమ్మ గొంతు చించుకోవాల్సిందే. వాళ్ళ కాపురం ముచ్చట్లన్నీ వీధి వీధంతటికీ తెలిసిపోయేవి.

"ఒకటి ఇంటికి పట్టుకెళ్ళమ్మా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు యజమాని ఒకరోజు.

"మంచిదో చెడ్డదో తేలకముందే మా ఆయన చెవిలో పెట్టాలా? ముందు మీ నాన్నగారికి పెట్టి చూడండి!" అని కడిగిపారేసింది పెద్దమ్మ.

ఇది తెలిసి పెదనాన్న అలిగాడు. "రోజంతా వాటి పక్కనే కూర్చుంటావు. నాకొకటి తేవడానికి నీకు చేతులు రావు" అని సణుగుతూనే ఉన్నాడు.

కొన్ని నెలలకు అనుమతి వచ్చింది. జాలీ గది తాళం తీసిన చేత్తోనే పెద్దమ్మ ఒక యంత్రం కొనేసింది. మర్నాడు చెవుల డాక్టరు దాన్ని అమర్చాలి. సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలోంచే "అనుమతి వచ్చిందండీ!" అని కేకేసింది.

"ఏమిటీ?" అన్నాడు పెదనాన్న.

మళ్ళీ కేకెయ్యబోయి ఆగిపోయింది. నవ్వుతూ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"రేపు చెబుతాలెండి" అంది.

ఆ ఇంట్లో అంత మెల్లని మాట నేను వినడం అదే మొదటిసారి.