మిక్సీ అడుగు చూసే పిల్ల

“ఆంటీ, వినపడుతోందా?”

“మస్తు వినవడ్తుంది బిడ్డా, మూత ఇడువకు!”

మిక్సీ మోతలో మేమిద్దరం అరుచుకున్న ఆఖరి మాటలివి. తర్వాత నా ఫోను పోయింది, ఆమె నంబరూ పోయింది.

మా ఆయన పోయాక అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరాను. ఆ పిల్ల కోస్తా నుంచి కోచింగుకు వచ్చింది. గదుల్లో కరెంటు సామాను ఉంచనివ్వరు కాబట్టి తన మిక్సీ నా వంటింట్లోనే ఉండేది. ఏ మిషనైనా బోర్లించి, అడుగున రాసింది చదవనిదే స్విచ్చి వేసేది కాదు. “జాతకం చూస్తున్నవా?” అని నవ్వేదాన్ని.

అమెరికాలో ఉద్యోగం వచ్చింది. మిక్సీకి పిన్ను మారిస్తే చాలన్నారు తోటి పిల్లలు. ఆమె అడుగు చూసి, “పిన్ను మారిస్తే చాలదే, అక్కడ కరెంటు సగమే వస్తుంది,” అంది. పంజాగుట్టంతా తిరిగి కరెంటు పెంచే డబ్బా కొన్నది. రోలంత బరువు! దానికోసం పెట్టెలోంచి పట్టుచీరలు తీసేస్తే తోటి పిల్లలు నవ్వారు.

“గంత మోస్కపోయినంక తిరగకపోతే? ఆడనే కొనరాదు?”

“అక్కడివి జ్యూసుకే ఆంటీ. నీ పల్లీల పచ్చడికి ఇదే కావాలి.”

అమెరికా పోయాక వీడియోలో నన్ను పిలిచి, నేను చూస్తుండగానే స్విచ్చి వేసింది. అబ్బ, నా వంటింట్లో మోగినట్టే మోగింది! పచ్చడి వెన్నలా నలిగింది. నవ్విన పిల్లలందరినీ పిలిచి చూపించాను.

నేను చెప్పిందంత రాసినవా కోడలా? ఒక్క ముక్క ఇడువకుంట, జర గట్టిగ చదువు.