మాటల వెనక తిరిగొచ్చిన దగ్గు

మా పాప రేడియో మైకులో "హలో హలో, నేను సహస్రని" అని బటన్ వదిలింది. కొన్ని క్షణాల తరువాత స్పీకర్లోంచి అదే గొంతు, అవే మాటలు తిరిగి వచ్చాయి. చివర ఒక దగ్గు వినిపించింది. పాప దగ్గలేదు. నాకు భయం మొదలైంది అక్కడే.

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూసి నవ్వుకునేదాన్ని. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. పిల్లలు పడుకున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కాకినాడ. మా ఆయన ఉద్యోగం వల్ల ఢిల్లీ పక్కనున్న వైశాలిలో ఉంటున్నాం. ఆయనకు హామ్ రేడియో పిచ్చి, ఇంట్లోంచే దూరదేశాల వాళ్లతో మాట్లాడతారు. లైసెన్సు ఉంది, టెర్రస్ మీద ఏరియల్ తీగ కట్టుకున్నారు. ఆ ఆదివారం సాయంత్రం ఎవరూ అందడం లేదు, ఒకటే గరగర. అందుకే సరదాగా పాప చేతికి మైకు ఇచ్చారు. తిరిగొచ్చిన మాట విన్నాక, సూర్యుడి తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం అలలు అలలుగా కదులుతోందని, ఆ కదలిక చాలా ఎత్తులోని గాలి పొర అయిన అయనోస్ఫియర్‌ను కలచివేస్తుందని చెప్పారు. షార్ట్‌వేవ్ మాటలు ఆ పొర దగ్గరే వంగి కిందికి దిగుతాయి. అది ఒకచోట చిక్కబడి, ఒకచోట పలచబడితే మాట దారి తప్పుతుంది. చాలా అరుదుగా, పంపిన మాటే ఆలస్యంగా తిరిగి వస్తుందట. ఎందుకో పూర్తిగా తేలలేదట.

"మరి దగ్గిందెవరు?" అన్నాను.

"అదే ఫ్రీక్వెన్సీలో ఇంకెవరో దగ్గుంటారు."

"నేను దగ్గలేదు మమ్మా, సచ్చీ, నిజం!" అంది పాప.

ఆ దగ్గు చివర సన్నటి ఈల ఉంది. పాపకు ఉబ్బసం. ఆయాసం వచ్చే ముందు అలాగే దగ్గుతుంది. పక్క గదిలోంచి విన్నా పోల్చుకుంటాను. ఆ చలికాలం ఒక్కసారీ ఆయాసం రాలేదని, మందును ఆవిరిలా పట్టే నెబ్యులైజర్ అటక మీద పెట్టేశాం. దించి చూస్తే మిషను పనిచేస్తోంది కానీ మందు గడువు దాటిపోయింది. ఆయన్ని మెడికల్ షాపుకు వెళ్లమన్నాను.

"ఆకాశానికి ఆయాసం వస్తే మన చిన్న మిషను సరిపోదే," అని నవ్వుతూనే వెళ్లి తెచ్చారు.

తెల్లవారుజామున పాప దగ్గుతూ లేచింది. అదే దగ్గు, చివర అదే ఈల. డొక్కలు ఎగరేస్తోంది. నేను మందు పోశాను, ఆయన మాస్కు పట్టుకున్నారు. కాసేపటికి ఊపిరి కుదురుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్తే, వెంటనే మందు పట్టడం మంచిదయిందని డాక్టరు అన్నారు.

ఢిల్లీ గాలికి ఆయాసం రావడంలో వింత లేదు. ఎవరి దగ్గో విని నేను పొరబడి ఉండొచ్చు. రికార్డు చేయలేదు, చూపించడానికి ఏమీ లేదు. తరువాత చాలా సాయంత్రాలు ఆయన పిలిచి చూశారు. ఏదీ తిరిగి రాలేదు. ఆ పొర మాటను ఆలస్యం చేయగలదని ఒప్పుకుంటాను. ఇంకా రాని దగ్గును ముందే ఎలా వినిపించిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆకాశానికి ఆయాసం అన్న జోకు ఆయన మళ్లీ వేయలేదు.

ఆ ఉదయం ఆస్పత్రి నుంచి రాగానే పాప అడిగింది. "రేడియోలో దగ్గింది నేనేనా మమ్మా?"

"కాదమ్మా. ఎవరో వేరే పాప."

నాలుగేళ్ల మా బాబు బ్రెడ్డు నములుతూ తలెత్తి, ఆ పాప దగ్గర మందుందా అని హిందీలో అడిగాడు. "ఉస్‌కే పాస్ దవాయీ హై?"

"ఉంది నాన్నా," అన్నాను. "వాళ్లమ్మ ముందే తెప్పించింది."