ముద్ద అడ్డం పడితే ఏం చేయాలో నేర్పిన అక్క

మా పక్కింటి నర్సమ్మ చనిపోయి పదకొండు రోజులయింది. ఊరందరికీ నర్సమ్మ, నాకు మాత్రం అక్క. విడపనకల్లు చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లు పిల్లలకు సూదులు వేసి, కాన్పులు చూసి, ఉద్యోగం దిగాక మా ఊళ్లోనే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ రోజు ఆమె ఫోను చేతిలో పట్టుకుని, ఈ వార్త ఎవరికి చెప్పాలా అని వెతికితే ఒక్క నంబరూ దొరకలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆమె గురించి చెప్పాలంటే ముందు మా ఆయన గురించి చెప్పాలి. నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం చేను నుంచి వచ్చి, ఆకలి మీద సంగటీ కోడికూరా తింటున్నాడు. మా వైపు సంగటి నమలరు, మింగుతారు. నమిలితే నవ్వుతారు కూడా. ముద్దతోబాటు ముక్క పోయి గొంతులో అడ్డం పడింది. ఎవరో తలుచుకుంటున్నారులే అని మాడు మీద తట్టాను. చెయ్యి ఆడించాడు తప్ప మాట రాలేదు. నీళ్లు తాగించాను. అప్పటికీ దిగకపోతే ఇంకో సంగటి ముద్ద చేసి నోట్లో పెట్టాను. చేపముల్లు గుచ్చుకుంటే మా అమ్మ అట్లాగే చేసేది. నాకు తెలిసిన వైద్యం అంతే. అక్క ఆ రోజు ఉరవకొండకు పోయి ఉంది. బస్సు దిగి వచ్చేసరికి మా ఇంటి ముందర జనం.

ఆ తరువాత చాలా రోజులు నేను పొయ్యి వెలిగించలేదు. ఒకరోజు అక్క తన పళ్లెం తనే పట్టుకుని మా గడప దాటి వచ్చి కూర్చుంది.

"ఒక్కదాన్నే తింటే అడ్డం పడితే వీపు మీద కొట్టేటోళ్లుండరు మ్మే. నీ దగ్గరే తింటా" అంది.

నిజానికి నేను తినడం లేదని ఆమెకు తెలుసు. నాకు జాలి మాటలంటే గిట్టదనీ తెలుసు. ఆ రోజు నుంచి రెండు పూటలా ఆ పళ్లెం మా ఇంటికి వచ్చింది. కళ్లు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకునేది. కళ్లు తెరవగానే "నమిలి తిను" అని నన్ను గదిమేది. ప్రభువుతో అంత మెత్తగా మాట్లాడి నాతో ఇంత గట్టిగా మాట్లాడతావేందక్కా అంటే, "ఆయప్ప సంగటి మింగడు గదా" అనేది.

ఒకరోజు తింటూ తింటూ అడిగేశాను. "అక్కా, నేను నీళ్లు తాపించినందుకే పోయినాడా?"

వేరేవాళ్లయితే అట్లా ఏం కాదులే అనేవాళ్లు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. పళ్లెం పక్కన పెట్టింది. "నీళ్లు తాపించింది తప్పే. ముద్ద పెట్టింది ఇంకా తప్పు. అయితే తప్పని నీకెవరు చెప్పినారు? గోడకు ఈ పక్క నువ్వు, ఆ పక్క నేను. పదేండ్లుండి ఒక్క మాట చెప్పలే. ఆ తప్పు నాది."

నేను ఏడ్చాను. ఆమె ఏడ్వలేదు. మరుసటి రోజు నా దగ్గరికొచ్చి ఒక బొమ్మ కుట్టివ్వమంది. నేను రాయదుర్గం నుంచి జీన్స్ తెచ్చుకుని ఇంట్లో జేబులు కుడతాను. రెండు పాత ప్యాంట్ల కుట్లు విప్పి, మొండెం ఆకారంలో కుట్టి, లోపల గుడ్డ ముక్కలు కుక్కి, వేరుశనగ పొట్టు నింపి ఇచ్చాను. దాన్ని చంకన పెట్టుకుని అక్క ఊరి మీద పడింది. ఎక్కువగా రేషన్ షాపు దగ్గరే నేర్పేది. వరసలో నిలబడినోళ్లు యాడికీ పోలేరు గదా అని ఆమె లెక్క.

"దగ్గుతాంటే దగ్గనీండి, ఊపిరి ఆడతాండాదని అర్థం. దగ్గు రాక, మాట రాక గొంతు పట్టుకుంటే అప్పుడు మీ చేతికి పని. ముందుకు వంచి, వీపు మీద రెక్కల నడుమ అయిదు దెబ్బలు గట్టిగా. ముక్క బయటికి రాకపోతే వెనకాల నిలబడి, బొడ్డు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ అయిదుసార్లు గుంజాల. మళ్లీ దెబ్బలు. నీళ్లు మాత్రం ముట్టద్దండి. మనిషి పడిపోతే 108కి ఫోను చేసి, ఎదురు రొమ్ము నడుమ అదమండి. బండి వచ్చేదాకా నిలపద్దండి."

అంతా నవ్వుతూనే నేర్చుకున్నారు గానీ, వెనక నుంచి పట్టుకోవడం దగ్గర ఆడవాళ్లు ఆగిపోయారు. మామ ముందర కూర్చోవడమే తప్పయిన ఊరు మాది. ఎదురింటి కోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని, "మామను నేనెట్ల పట్టుకుంటా నర్సమ్మా, సిగ్గు గాదా?" అంది.

"సిగ్గు పడు. మామ పోయినాక ఎవరి ముందర పడతావో అదీ చెప్పు" అంది అక్క. వరసలోనే ఉన్న ఆ మామ, "పట్టుకోనీలే తల్లీ, నాకేం అభ్యంతరం లే" అన్నాడు. ఆ పూట బియ్యం ఆలస్యమైనా ఎవరూ గొణగలేదు.

నేను కూడా ఒకసారి ఆ విద్య వాడాను. ఉరవకొండ బస్టాండులో ఒక ముసలాయనకు బజ్జీ అడ్డం పడింది. వంచి వీపు మీద కొడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు, "ఏమ్మా, ముసలాయప్పను ఎందుకు కొడతాండావు?" అని నా మీదకొచ్చారు. మూడో దెబ్బకు బజ్జీ ముక్క బయటపడింది. ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. ఆ రాత్రి ఆమె ఇంకో ముద్ద అడిగి పెట్టించుకుంది.

పదకొండు రోజుల కిందట, పొద్దున బొరుగులతో ఉగ్గాని చేసి పిలిచాను. పళ్లెం పట్టుకుని వచ్చింది. "చెమటలు పడతాండాయి మ్మే" అంది. గోడకు ఆనుకుంది, పక్కకు ఒరిగిపోయింది. పిలిస్తే పలకలేదు, ఊపిరి లేదు. వీధిలోకి ఒక్క కేక పెట్టి, ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి అదమడం మొదలుపెట్టాను. ఎదురింటి కోడలు పరుగున వచ్చింది, 108కి ఫోను చేసింది, నేను అలిసిపోతే తను కూర్చుంది, తను అలిసిపోతే నేను. ఒకసారి నా చేతి కింద ఎముక పటుక్కుమంది. పక్కటెముక విరిగినా నిలపద్దు అని ఆమే చెప్పింది. నిలపలేదు. "చాల్లేమ్మా, పోయింది" అని ఎవరో అన్నారు. బండి వచ్చిందా అని అడిగాను. రాలేదన్నారు. అదుముతూనే ఉన్నాను.

బండి ఉరవకొండ నుంచి రావాలి. వచ్చాక బండిలోని వాళ్లూ చాలాసేపు చూశారు. చివరకు వాళ్లలో ఒక అబ్బాయి లేచి, "మీరు సరిగ్గానే చేసినారమ్మా. అయినా కొందరు తిరిగి రారు" అన్నాడు.

ఆ మాట ఇంకోసారి చెప్పప్పా అన్నాను. చెప్పాడు.

మొదటిసారి తప్పు చేసి మనిషిని పోగొట్టుకున్నాను. రెండోసారి ఒప్పు చేసి పోగొట్టుకున్నాను. తప్పు చేసినప్పుడు నన్ను నేను తిట్టుకోవడానికైనా ఉండేది. ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా ఏమీ లేక ఇల్లంతా ఖాళీగా ఉంది.

అక్కను అదిమి అదిమి నాలుగు రోజులు మణికట్లు రెండూ వాచి ఉన్నాయి. మిషన్ కిందికి గుడ్డ తోయలేకపోయాను. ఎదురింటి కోడలు నొప్పి మందు తెచ్చిచ్చింది గానీ నేను మూత కూడా తీయలేదు. అయిదో రోజు పొద్దున లేచి నీళ్లబిందె ఎత్తితే సులువుగా లేచింది. దించి, చేతులు అటూ ఇటూ తిప్పి చూశాను. గుమ్మంలో కూర్చుని ఒక చేత్తో ఇంకో చేతిని నొక్కుకుంటూ, ఎక్కడైనా కొంచెం నొప్పి మిగిలి ఉందేమోనని ఎండ పొడిచేదాకా వెతుక్కున్నాను.