మంత్రసాని నూకాలమ్మ మనవరాలు

ఉత్తరాది ఉక్కు కార్ఖానా ఊళ్లో, భాలుబాసా పేటలో, మా పక్కింటావిడను నేను అత్తా అని పిలిచేదాన్ని. 1970ల్లో ఆమె ధ్యాసంతా చనిపోయిన తండ్రి సొంతూరు వెతకడం మీదే. చిన్నతనంలోనే కార్ఖానా పనికి వచ్చేసిన ఆయన ఊరి మాటెత్తితే నోరు విప్పేవాడు కాదట. పాత కాగితంలో ‘అప్పన్న, విశాఖ జిల్లా’ అని మాత్రం ఉంది. ఆ జిల్లాలో అప్పన్న లేని వీధుంటుందా? రాయించిన ఉత్తరాలన్నీ వృథా అయ్యాయి.

అత్త డీలాపడలేదు.

“కాయితాలు సెప్పకపోతే ఆడోలు సెప్తారే. మా నానమ్మ మంత్రసాని, పేరు నూకాలమ్మ అని నాయన ఓపాలి అన్నాడు. పురుడు పోసినమ్మని ఎవులు మరిసిపోతారు?” అంది.

అప్పట్నుంచి కానుపులకు సాయంగా ఆంధ్ర నుంచి వచ్చిన ప్రతి ముసలమ్మ దగ్గరకూ శొంఠి పట్టుకుని వెళ్లి, నూకాలమ్మ గురించి అడిగేది. అలా ఆరేళ్లు అడిగింది. చివరికి నా కానుపుకు వచ్చిన మా అమ్మమ్మనూ అడిగింది.

“నూకాలమ్మా? మా ఊరే! మా అమ్మకి పురుళ్లు పోసింది ఆవిడే. కొడుకు ఇటేపు వచ్చేసినాడంట. ఇటునుంచి ఎవులొచ్చినా ‘మా అప్పన్న అగుపించినాడేటి?’ అని సచ్చిందాకా అడిగింది,” అంది అమ్మమ్మ.

అత్త నా మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయింది. “ఎతికిందా? మా నాయన్ని ఎతికిందా?” అని మళ్లీ మళ్లీ అడిగింది. ఊరి పేరు అడగనే లేదు. అమ్మమ్మే గుర్తుచేసి చెప్పాల్సి వచ్చింది.