పుణ్యవతి అడిగిన ప్రశ్నలు

భర్త ప్రకాష్ పోయిన రెండో నెలలో పుణ్యవతి ఉద్యోగంలో చేరింది. బరంపురం రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసిన మనిషి, ఒక ఉదయం ఆ ఊళ్లోనే అంకులి పేటలో తమ ఇంటి ముందు స్కూటర్ తీస్తూ కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోగానే అయిపోయింది. పుణ్యవతి ఏడవలేదు. చుట్టాలు వచ్చి వెళ్లారు. వాళ్లందరికీ ఆవిడే కాఫీ పెట్టింది.

ఉద్యోగం ఒక పరిశోధన బృందంలో. ముసలితనంలో మనుషులు ఆరోగ్యంగా ఎలా ఉండగలుగుతున్నారో ఏడాది పాటు ఊళ్లలో తిరిగి తెలుసుకోవాలి. ఆవిడకి తెలుగూ ఒడియా రెండూ వచ్చని తీసుకున్నారు. తన వంతుకి పడిన ఊరు పొడంపేట. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట జాలర్ల ఊరు. అక్కడ పెద్దవాళ్లకి బి.పి. చూసేది, చేతి పట్టు కొలిచే చిన్న పరికరం ఇచ్చి గట్టిగా నొక్కమనేది, కుర్చీలోంచి లేపి నడిపించేది. చివర్లో మనసు గురించి ప్రశ్నలు. నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటోందా? అందరినీ ఒకే గొంతుతో అడిగేది. తిరిగి వస్తూ బస్సు కిటికీలోంచి ఏం చూసిందో ఇంటికొచ్చాక గుర్తుండేది కాదు.

అసిరయ్య, జగ్గమ్మ ఆ ఊళ్లో ఆలుమగలు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. అసిరయ్య వేట మానేసినా వలలు బాగుచేయడం మానలేదు. పరికరం విరిగిపోతే నన్ననకండని చెప్పి మరీ నొక్కేవాడు. ఒకర్ని అడిగిన ప్రశ్నకి రెండోవాళ్లు జవాబు చెప్పేసేవారు. అలా కుదరదని పుణ్యవతి ఎంత చెప్పినా వినలేదు.

తుపాను హెచ్చరిక వచ్చి ఊరందరినీ షెల్టర్‌కి తరలించినప్పుడు అసిరయ్యకి జ్వరం తగిలింది. ఊపిరితిత్తులకి ఎక్కింది. వారం తిరక్కుండా పోయాడు.

పరిశోధన నడిపే డాక్టర్ గౌరీశంకర్, కావాలంటే ఆ ఇల్లు వదిలేయమన్నాడు. వెళ్తానంది పుణ్యవతి. వెళ్లేసరికి జగ్గమ్మ గుమ్మంలో కూర్చుని ఎండు నెత్తళ్ల చేపల తలలు తుంచుతోంది. బి.పి. చూసింది. నిద్ర సంగతి అడిగింది. తర్వాత దిగులుగా ఉంటోందా అని, ఎప్పటి గొంతుతోనే అడిగింది.

జగ్గమ్మ పని ఆపి ఆవిడ బోసి మెడ కేసి చూసింది.

"నీ మడిసేడమ్మా?"

"పోనారు మామ్మా. ఈ పన్లో సేరకముందే."

"ఏడిసినావా?"

"నేదు."

"నానూ ఏడనేదు. ఏడూ ఏడూ అంతన్నారు అందరూ. రాకపోతే ఏటి సేత్తాం?"

జగ్గమ్మ నెత్తళ్ల చేటని ఇద్దరి మధ్యకి జరిపింది. పుణ్యవతి సంచి పక్కన పెట్టి తనూ తుంచడం మొదలుపెట్టింది. ఆవిడ ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం భువనేశ్వర్‌లో పనిచేస్తున్న కూతురు అన్విత ఫోన్ చేసింది. ఎలా ఉన్నావని అడిగితే ఇన్నాళ్లూ బాగున్నాననే చెప్పింది పుణ్యవతి. ఈసారి అలా చెప్పలేదు.

"ఎలాగున్నానో తెలీట్లేదే నాకు," అంది.

అన్విత ఆ శనివారమే వచ్చింది. తల్లి పక్కనే పడుకుంది.

ఏడాది పూర్తయ్యేసరికి జగ్గమ్మ చేతి పట్టు తగ్గింది, నడక నెమ్మదించింది. అయినా పొరుగావిడతో కలిసి మళ్లీ చేపలమ్మడానికి వెళ్తోంది. గౌరీశంకర్ ఇంకో ఏడాది అస్కా వైపు ఊళ్లలో పనిచేయమంటే పుణ్యవతి ఒప్పుకుంది. సెలవు దొరికితే మాత్రం పొడంపేట వెళ్తుంది, అడగడానికి ప్రశ్నలేవీ లేకుండానే. ఏడుపు ఇద్దరికీ ఇంకా రాలేదు.